పాత లినక్స్ కంప్యూటర్‌కి ఏ బ్రౌజర్? తేలికైనది వెతికే ముందు చూసుకోవాల్సినవి

పాత మెషీన్‌లో లినక్స్ వేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి చిన్న డెస్క్‌టాప్ పెడితే మొదట్లో అంతా బాగానే ఉంటుంది. మెనూలు టక్కున తెరుచుకుంటాయి, ఫైల్ మేనేజర్‌కి తడబాటు ఉండదు. బ్రౌజర్ తెరిచి ఐదారు ట్యాబులు పెట్టేసరికి హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంది, మౌస్ పాయింటర్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: అన్నిటికంటే తేలికైన బ్రౌజర్ ఏది?

ఆ ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. బ్రౌజర్ విండో, మెనూలు, బుక్‌మార్కులు తినే మెమొరీ కొంచెమే. అసలు బరువంతా పేజీలది. ఒక వార్తల సైటు తెరిస్తే అందులో చదివే అక్షరాలు కొన్ని కేబీలే, వాటి వెంట వచ్చే ప్రకటనలు, ట్రాకర్లు, వీడియో ప్లేయర్లు, ఫాంట్లు, జావాస్క్రిప్ట్ కలిపి కొన్ని ఎంబీలు. ఏ బ్రౌజర్ అయినా ఆ పేజీని పూర్తిగా చూపించాలంటే ఆ పని అంతా చేయాల్సిందే. కాబట్టి నా లెక్కలో ఎంపిక ఇలా ఉండాలి: ముందు సెక్యూరిటీ అప్‌డేట్లు క్రమంగా అందే ఇంజిన్ (పేజీని చదివి తెర మీద చూపే లోపలి భాగం) పట్టుకోండి, తర్వాత దాని మీద పడే పని తగ్గించండి. "లైట్ బ్రౌజర్" అని పేరుపడ్డవి ఆ తర్వాతి మాట.

ముందు మెషీన్ సంగతి తేల్చుకోవాలి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొడితే పై వరుసల్లోనే ప్రాసెసర్ 32-బిట్ మాత్రమే చేస్తుందా, 64-బిట్ కూడా చేస్తుందా అన్నది కనబడుతుంది. ఇప్పుడు వేసి ఉన్న సిస్టమ్ ఏదో యూనేమ్ కమాండ్‌కి హైఫన్ ఎం తగిలిస్తే తెలుస్తుంది. ఈ రెండూ వేరు వేరు విషయాలు. 64-బిట్ ప్రాసెసర్ మీద ఎప్పుడో వేసిన 32-బిట్ సిస్టమే నడుస్తున్న మెషీన్లు చాలా ఉంటాయి. కోర్ 2 డుయో అయితే 64-బిట్ చేస్తుంది. దానికి ముందు వచ్చిన కోర్ డుయో, పెంటియం ఎం, నెట్‌బుక్కుల్లో ఉండే ఆటమ్ ఎన్270 మాత్రం 32-బిట్ దగ్గరే ఆగిపోతాయి. 64-బిట్ సిస్టమ్ కాస్త ఎక్కువ ర్యామ్ తింటుందని భయపడి 32-బిట్‌లోనే ఉండిపోవడం ఈ రోజుల్లో తప్పు లెక్క. ప్రాసెసర్ ఒప్పుకుంటే 64-బిట్ వేయండి, 2 జీబీ ర్యామ్ ఉన్నా సరే.

అదే ఎల్‌ఎస్‌సీపీయూ అవుట్‌పుట్‌లో ఫ్లాగ్స్ అనే పొడుగాటి వరుస ఉంటుంది, ప్రాసెసర్‌కి తెలిసిన ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ల పేర్లు అవి. అందులో ఎస్‌ఎస్‌ఈ2 లేకపోతే నేటి ఫైర్‌ఫాక్స్ నడవదు, 2017లో వచ్చిన 53వ వెర్షన్ నుంచి లినక్స్‌లో ఇది తప్పనిసరి. క్రోమియం కుటుంబానికి (క్రోమ్, బ్రేవ్ లాంటివి) 2021లో వచ్చిన 89వ వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ3 కావాలి. ఎస్‌ఎస్‌ఈ3 అన్న పేరు ఆ వరుసలో కనపడదు, పీఎన్‌ఐ అని ఉంటుంది. అది తెలియక "నా ప్రాసెసర్‌కి లేదు" అనుకునేవాళ్లు చాలామంది. ఎస్‌ఎస్‌ఎస్‌ఈ3 అని మూడు ఎస్‌లతో ఉండేది వేరే సంగతి. బ్రౌజర్ ఐకాన్ నొక్కితే ఏమీ జరగకపోతే టెర్మినల్ నుంచి నడిపి చూడండి. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అన్న మాటతో ఆగిపోతే కారణం ఇదే, మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ప్రయోజనం లేదు. థోరియం లాంటి "వేగవంతమైన" క్రోమియం ఫోర్కుల్లో (దాని కోడ్ నుంచి విడిగా చేసినవి) ఏవీఎక్స్ అనే కొత్త ఇన్‌స్ట్రక్షన్ల కోసం కట్టిన బిల్డు దించుకుని పాత ప్రాసెసర్ మీద పెట్టినా ఇదే మాట వస్తుంది.

ర్యామ్ చూడటానికి ఫ్రీ కమాండ్ చాలు. చూడాల్సింది "ఫ్రీ" అన్న గడి కాదు, "అవెయిలబుల్" అన్న గడి. లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ని డిస్క్ క్యాషేకి వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. కాబట్టి "ఫ్రీ" తక్కువగా ఉండటం జబ్బు లక్షణం కాదు.

32-బిట్ వాళ్ల పరిస్థితి

ఇక్కడ దాపరికం లేకుండా చెప్పుకోవాలి: దారులు మూసుకుపోతున్నాయి. గూగుల్ క్రోమ్ 32-బిట్ లినక్స్‌ని 2016లోనే వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది, 145 నుంచి 32-బిట్ లినక్స్ బిల్డులు రావు. మిగిలింది ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్ 140 (ఈఎస్‌ఆర్ అంటే ఎక్కువ కాలం సెక్యూరిటీ అప్‌డేట్లు అందే రకం), దానికి కనీసం 2026 సెప్టెంబరు వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మొజిల్లా చెప్పింది. డెబియన్ కూడా 13వ విడుదల నుంచి 32-బిట్ ఇన్‌స్టాలర్, కెర్నల్ ఇవ్వడం మానేసింది. కాబట్టి నిజంగా 32-బిట్ ప్రాసెసరే అయితే డెబియన్ 12 లేదా దాని మీద కట్టిన ఆంటీఎక్స్, ఎంఎక్స్ లాంటివి, వాటిలో ఈఎస్‌ఆర్. ఆ మెషీన్ మీద డబ్బు లావాదేవీలు, ముఖ్యమైన లాగిన్లు పెట్టుకోకుండా ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవడం మంచిది. చదువుకోవడానికి, డాక్యుమెంటేషన్ చూసుకోవడానికి ఇంకా చాలా కాలం పనికొస్తుంది.

64-బిట్‌లో నా ఓటు

2 నుంచి 4 జీబీ ర్యామ్, కోర్ 2 డుయో లేదా మొదటి తరాల ఐ3, ఐ5 ఉన్న మెషీన్‌కి ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్, దానిలో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్. ఇదే నా సలహా, కారణాలు కూడా గట్టివే. ఈఎస్‌ఆర్‌కి కొత్త ఫీచర్లు ఏడాదికోసారే వస్తాయి, మధ్యలో సెక్యూరిటీ సవరణలే, అందువల్ల చేసి పెట్టుకున్న సెట్టింగులు నెలనెలా చెదిరిపోవు. రెండోది అంతకంటే ముఖ్యం: పూర్తి స్థాయి యూబ్లాక్ ఆరిజిన్ ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా నడుస్తుంది. క్రోమ్ 2025లో పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతిని తీసేయడంతో అక్కడ యూబ్లాక్ ఆరిజిన్ లైట్ మాత్రమే మిగిలింది. పాత ప్రాసెసర్‌కి ప్రకటనలు ఆపడం సోకు కాదు, అసలు వేగం అక్కడే ఉంది. దించుకోని స్క్రిప్టుకి మెమొరీ అక్కర్లేదు, ప్రాసెసర్ సమయమూ అక్కర్లేదు.

క్రోమియం పనికిరాదని కాదు. కొన్ని వీడియో మీటింగ్ సైట్లు అందులోనే సరిగ్గా నడుస్తాయి. అలాంటి అవసరం ఉంటే రెండో బ్రౌజర్‌గా బ్రేవ్ పెట్టుకోవచ్చు. ప్రకటనలు ఆపే పని దాని లోపలే ఉంటుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ నియమాలు మారినా దానికి నష్టం లేదు. ఏ క్రోమియం అయినా సెట్టింగుల్లో పెర్ఫార్మెన్స్ కింద మెమొరీ సేవర్ ఆన్ చేయండి, వాడని ట్యాబులను మెమొరీలోంచి దించేస్తుంది. అయితే రెండు బ్రౌజర్లూ ఒకేసారి తెరిచి ఉంచకండి. 2 జీబీలో అది కుదరని పని.

చిన్న బ్రౌజర్ల గురించి ఎవరైనా చెబితే వెంటనే అడగాల్సిన ప్రశ్న "లోపల ఇంజిన్ ఏది?" ఫాల్కన్, క్యూట్‌బ్రౌజర్ లోపల ఉండేది క్యూట్‌వెబ్‌ఇంజిన్, అంటే క్రోమియమే. పైన తొడుగు మారింది, లోపలి ఆకలి మారలేదు. పైగా డెబియన్ స్థిర విడుదలల్లో క్యూట్‌వెబ్‌ఇంజిన్‌కి ఫైర్‌ఫాక్స్, క్రోమియంలకు అందినట్టు సెక్యూరిటీ అప్‌డేట్లు అందవు. గ్నోమ్ వెబ్ లోపల వెబ్‌కిట్ జీటీకే ఉంటుంది, దానికి డెబియన్‌లో అప్‌డేట్లు వస్తాయి, ఆ విషయంలో పర్వాలేదు. పేల్ మూన్ పాత ఫైర్‌ఫాక్స్ నుంచి విడిపోయి గోవానా అనే సొంత ఇంజిన్‌తో నడుస్తుంది. నిజంగానే తక్కువ తింటుంది, పాత తరహా ఇంటర్‌ఫేస్ ఇష్టపడేవాళ్లకి నచ్చుతుంది. కానీ కొత్త జావాస్క్రిప్ట్‌తో రాసిన సైట్లు అందులో సగం సగం తెరుచుకుంటాయి, ఇప్పటి ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు.

1 జీబీ లేదా అంతకంటే తక్కువ ర్యామ్ ఉన్న మెషీన్‌కి డిల్లో, నెట్‌సర్ఫ్ ఉన్నాయి. డిల్లోలో జావాస్క్రిప్ట్ అసలు లేదు, నెట్‌సర్ఫ్‌లో ఉన్నా నామమాత్రం. తొమ్మిదేళ్ల విరామం తర్వాత 2024లో డిల్లో 3.1.0 విడుదలై మళ్లీ జీవం పోసుకుంది. అక్షరాలు ఎక్కువగా ఉండే పేజీలు, మాన్యువల్స్, వికీ వ్యాసాలు చదవడానికి ఇవి హాయిగా ఉంటాయి. లాగిన్ అవసరమైన చోట చాలావరకు చేతులెత్తేస్తాయి.

ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేస్తున్నారు?

ఒకే ఫైర్‌ఫాక్స్ ఒక మెషీన్‌లో చప్పున తెరుచుకుని, అలాంటిదే ఇంకో మెషీన్‌లో చాలాసేపు తీసుకుంటే తేడా ప్యాకేజీలో ఉండొచ్చు. ఉబుంటులో 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది. స్నాప్ అంటే కుదించి పెట్టిన ఇమేజ్. మెషీన్ ఆన్ చేశాక మొదటిసారి తెరిచినప్పుడు దాన్ని విప్పుకుంటూ చదవాలి. తిరిగే హార్డ్ డిస్క్, నెమ్మది ప్రాసెసర్ కలిసిన చోట ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ అనే ఇంకో ప్యాకేజీ పద్ధతిలో ఈ ఇబ్బంది తక్కువే గానీ, దానితో పాటు వచ్చే రన్‌టైమ్ (ఉమ్మడి లైబ్రరీల మూట) డిస్క్‌లో చాలా చోటు తింటుంది.

డెబియన్, మింట్ వాడేవాళ్లకి మామూలు డెబ్ ప్యాకేజీ సిద్ధంగా ఉంటుంది. ఉబుంటు వాళ్లు మొజిల్లా సొంత ఏపీటీ రిపాజిటరీ (ప్యాకేజీలు దిగే చోటు) కలుపుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: రిపాజిటరీ కలిపి ఊరుకుంటే ఉబుంటు తన స్నాప్‌నే మళ్లీ తెచ్చిపెడుతుంది. ఏపీటీ ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, మొజిల్లా రిపాజిటరీకి పిన్ ప్రయారిటీ 1000 ఇవ్వాలి. ఆ తర్వాతే స్నాప్ తీసేసి డెబ్ వేయాలి. స్నాప్ ప్రొఫైలు వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, తీసేముందు బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

డిస్ట్రో (మీరు వేసుకున్న లినక్స్ రకం) మరీ పాతదై కొత్త ప్యాకేజీలు దొరకకపోతే మొజిల్లా ఇచ్చే టార్ ఫైలు ఉంది. అది జీలిబ్‌సీ (సిస్టమ్ మూల లైబ్రరీ) 2.17 ఉన్న సిస్టమ్ మీద కూడా నడుస్తుంది కాబట్టి చాలా పాత విడుదలల్లోనూ పనిచేస్తుంది. దాన్ని మీ హోమ్ ఫోల్డర్‌లోనే విప్పితే మేలు. రూట్ సొంతమైన ఫోల్డర్‌లో పెడితే బ్రౌజర్ తనను తాను అప్‌డేట్ చేసుకోలేదు, నెలల తరబడి పాత వెర్షన్‌లోనే ఉండిపోతుంది. ఇది తేలికగా చేసుకునే పెద్ద నష్టం.

ఫైర్‌ఫాక్స్‌లో మార్చాల్సినవి, ముట్టుకోకూడనివి

యూబ్లాక్ ఆరిజిన్ వేశాక ఫిల్టర్ లిస్టులన్నీ టిక్ పెట్టేయాలన్న ఆశ పుడుతుంది. వద్దు. ప్రతి లిస్టూ మెమొరీలో కూర్చుంటుంది. మొదట ఉన్న లిస్టులు చాలు. వాటికి బదులు సెట్టింగుల పేజీలో రెండు మార్చండి: 50 కేబీ దాటిన మీడియా ఎలిమెంట్లను ఆపే ఆప్షన్, బయటి ఫాంట్లను ఆపే ఆప్షన్. మొదటిది పెడితే పెద్ద బొమ్మలు మీరు నొక్కినప్పుడే దిగుతాయి. రెండోది పెడితే కొన్ని సైట్లలో ఐకాన్ల చోట ఖాళీ గళ్లు కనబడతాయి, ఆ సైటు వరకు ఆఫ్ చేసుకోవచ్చు. మరీ బరువైన వార్తల సైట్లకి యూబ్లాక్ చిన్న విండోలోనే జావాస్క్రిప్ట్ ఆపే బటన్ ఉంది. అది నొక్కి పేజీ రీలోడ్ చేస్తే ఫ్యాన్ చప్పుడు ఆగిపోవడం చెవులకే తెలుస్తుంది.

ఈఎస్‌ఆర్ 140లో ట్యాబ్ మీద కుడి క్లిక్ చేస్తే "అన్‌లోడ్ ట్యాబ్" ఉంటుంది. ట్యాబ్ బార్‌లో అలాగే ఉంటుంది, మెమొరీ మాత్రం వదిలేస్తుంది, మళ్లీ నొక్కితే పేజీ లోడ్ అవుతుంది. ఏ ట్యాబ్ ఎంత తింటోందో తెలియాలంటే అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ ప్రాసెసెస్ అని కొట్టండి. బయటి టాస్క్ మేనేజర్ అంకెలను నమ్మి బ్రౌజర్లను పోల్చకండి. చాలా టూల్స్ చూపించే ఆర్‌ఎస్‌ఎస్ అంకెలో ప్రాసెసులు ఉమ్మడిగా వాడుకునే మెమొరీ ప్రతి ప్రాసెస్‌కీ మళ్లీ మళ్లీ లెక్కకొస్తుంది. పది ప్రాసెసుల అంకెలు కూడితే ఉన్న దానికంటే చాలా ఎక్కువ కనబడుతుంది. ఎస్‌మెమ్ అనే టూల్ చూపే పీఎస్‌ఎస్ అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది.

అబౌట్ కోలన్ కాన్ఫిగ్‌లో ఒక మార్పు మాత్రం హార్డ్ డిస్క్ ఉన్న అందరికీ చెబుతాను: బ్రౌజర్ డాట్ సెషన్‌స్టోర్ డాట్ ఇంటర్వెల్. మొదట 15000 ఉంటుంది, అంటే తెరిచిన ట్యాబుల వివరాలు 15 సెకన్లకోసారి డిస్క్‌కి రాస్తుంది. దాన్ని 120000 చేస్తే రెండు నిమిషాలకోసారి రాస్తుంది. కరెంటు పోతే చివరి రెండు నిమిషాల్లో తెరిచిన ట్యాబులు పోవచ్చు, అంతే. ఇంకోటి, బ్రౌజర్ డాట్ సెషన్‌హిస్టరీ డాట్ మాక్స్ అండర్‌స్కోర్ టోటల్ అండర్‌స్కోర్ వ్యూయర్స్. వెనక్కి బటన్ నొక్కితే వెంటనే కనబడేలా పాత పేజీలను మెమొరీలో దాచేది ఇదే. 2 జీబీలో దాన్ని 1 లేదా 2 చేయండి.

సైట్ల మధ్య గోడలు కట్టే ఫిషన్‌ని ఆపేస్తే ప్రాసెసుల సంఖ్య తగ్గి ర్యామ్ మిగులుతుంది, నిజమే. నేను ఆ సలహా ఇవ్వను. ఒక సైటు ఇంకో సైటు డేటాని చూడకుండా కాపాడేది అదే, పాత ప్రాసెసర్లకి స్పెక్టర్ (ప్రాసెసర్ లోపాన్ని వాడుకునే దాడి) తరహా దాడుల నుంచి ఆ రక్షణ మరింత అవసరం. అదే కారణంతో అలాంటి దాడుల రక్షణలను ఆపేసే మిటిగేషన్స్ ఆఫ్ అన్న పారామీటర్ కెర్నల్‌కి ఇవ్వడమూ బ్రౌజర్ వాడే మెషీన్‌లో సరికాదు.

మౌస్ కూడా కదలని స్థితికి మందు

ఆ స్థితి బ్రౌజర్ ఒక్కదాని వల్ల రాదు. ర్యామ్ నిండాక కెర్నల్ పేజీలను డిస్క్‌కి తోస్తూ, వెంటనే మళ్లీ చదువుతూ అందులోనే మునిగిపోవడం వల్ల వస్తుంది. దీనికి జెడ్‌ర్యామ్ అంత పని చేసేది ఇంకోటి లేదు. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) వాడుతుంది. డెబియన్, ఉబుంటుల్లో జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉండే జెడ్‌ర్యామ్‌స్వాప్ ఫైలులో పర్సెంట్ 50 పెట్టండి. అల్గారిథమ్ దగ్గర ఎల్‌జెడ్4 అయితే పాత ప్రాసెసర్‌కి తేలిక, జెడ్‌స్టాండర్డ్ అయితే ఎక్కువ కుదిస్తుంది గానీ ఎక్కువ పని పెడుతుంది. రెండు కోర్ల పాత ప్రాసెసర్‌కి నేను ఎల్‌జెడ్4 వైపే ఉంటాను. సర్వీస్ రీస్టార్ట్ చేశాక స్వాప్‌ఆన్ కమాండ్‌తో చూస్తే జెడ్‌ర్యామ్ పేరు, డిస్క్ స్వాప్ కంటే పెద్ద ప్రయారిటీతో కనిపించాలి. డిస్క్ స్వాప్‌ని కూడా ఉంచేయండి, అది చివరి ఆసరా.

దానికి తోడు ఎర్లీఊమ్ అనే చిన్న సర్వీస్. అందుబాటులో ఉన్న ర్యామ్, స్వాప్ రెండూ 10 శాతం కిందికి దిగగానే అన్నిటికంటే ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ని ఆపేస్తుంది. బ్రౌజర్‌లో అయితే సాధారణంగా ఒక ట్యాబ్ కూలిపోతుంది, మెషీన్ మాత్రం నిలుస్తుంది. పవర్ బటన్ నొక్కి ఆపడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

వీడియో తడబడితే

ఇక్కడ చాలామంది బ్రౌజర్ మారుస్తూ పోతారు, తేడా రాదు. కారణం కోడెక్, అంటే వీడియోని కుదించిన పద్ధతి. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9 లేదా ఏవీ1లో పంపుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీపీ9ని హార్డ్‌వేర్‌లో పూర్తిగా విప్పే శక్తి ఏడో తరంతో వచ్చింది, ఏవీ1ది పదకొండో తరంతో. అంతకు ముందువాటికి ఆ పని అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. హెచ్264 అయితే 2011 నాటి శాండీబ్రిడ్జ్ కూడా హార్డ్‌వేర్‌లో విప్పుతుంది.

కాబట్టి ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసి వీపీ9, ఏవీ1 రెండూ ఆపండి, 60 ఫ్రేములదీ ఆపండి. తర్వాత వీఏఇన్ఫో కమాండ్ నడిపి చూడండి. హెచ్264 వరుసల పక్కన వీఎల్‌డీ అని ఉంటే హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉన్నట్టు. ఏమీ రాకపోతే డ్రైవర్ లేదు: బ్రాడ్‌వెల్‌కి (ఇంటెల్ ఐదో తరం) ముందువాటికి ఐ965 వీఏ డ్రైవర్ ప్యాకేజీ, బ్రాడ్‌వెల్ నుంచి ఇంటెల్ మీడియా డ్రైవర్. ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఈ హార్డ్‌వేర్ డీకోడింగ్ లినక్స్‌లో ముందే ఆన్‌లో ఉంటుంది. హెచ్264 ఆడాలంటే సిస్టమ్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలు ఉండాలి, కొన్ని డిస్ట్రోలు వాటిని విడిగా వేయమంటాయి.

కోర్ 2 డుయోలో గ్రాఫిక్స్ మీద ఆశ పెట్టుకోకుండా 480పీ దగ్గర ఆగండి. అదీ తడబడితే ఎంపీవీ ప్లేయర్‌కి సైట్ల నుంచి వీడియో తెచ్చే వైటీ-డీఎల్‌పీ జోడించి లింకుని నేరుగా అందులో ఆడించండి, పేజీ బరువు మొత్తం తప్పుతుంది. డిస్ట్రో ఇచ్చే వైటీ-డీఎల్‌పీ త్వరగా పాతబడి పనిచేయడం మానేస్తుంది, దాన్ని విడిగా అప్‌డేట్ చేసుకుంటూ ఉండాలి.

ప్రతి సైటూ సర్టిఫికెట్ తప్పు అంటే

పాత మెషీన్లలో ఇది మరీ ఎక్కువ. బ్రౌజర్ మార్చే ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, ఆ తేదీకి ఏ సర్టిఫికెట్టూ చెల్లదు. బ్యాటరీ మార్చి, టైమ్‌డేట్‌సీటీఎల్‌తో నెట్‌వర్క్ సమయం ఆన్ చేస్తే సరిపోతుంది. తేదీ సరిగ్గానే ఉండి డిల్లో లాంటి చిన్న బ్రౌజర్లలో మాత్రమే తప్పు వస్తుంటే సీఏ-సర్టిఫికెట్స్ ప్యాకేజీ (సిస్టమ్ నమ్మే సర్టిఫికెట్ల జాబితా) పాతది, దాన్ని అప్‌డేట్ చేయాలి. ఫైర్‌ఫాక్స్ తన సొంత జాబితా వాడుతుంది కాబట్టి దానికి ఆ ప్యాకేజీతో పని లేదు. కానీ 128కి ముందు వెర్షన్లలో, లేదా 115.13కి ముందు ఈఎస్‌ఆర్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉన్నట్టుండి ఆగిపోయి ఉంటే కారణం వేరు: వాటిలోని ఒక రూట్ సర్టిఫికెట్ గడువు 2025 మార్చి 14న ముగిసింది. వెర్షన్ పెంచడం తప్ప దానికి వేరే మందు లేదు.